వెబ్ డిజైన్‌లో చేయి తిరగాలంటే: ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి మెంటర్‌ను వెతుక్కోవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో వెబ్ డిజైన్ నేర్చుకునే తెలుగువాళ్లకు పాఠాల కొరత లేదు. ఎండీఎన్, వెబ్ డాట్ డెవ్, ఫ్రీకోడ్‌క్యాంప్ లాంటి పాఠాల సైట్లన్నీ ఉచితమే, యూట్యూబ్ ఉండనే ఉంది. కొరతంతా మీరు చేసిన పేజీని చూసి ‘ఇదిగో, ఇక్కడ తప్పింది’ అని వేలు పెట్టి చూపించే మనిషికే, అంటే మెంటర్‌కే. చుట్టుపక్కల అలాంటివారు లేక చాలామంది రెండేళ్లు గడిచినా మొదటి మూడు నెలల్లో నేర్చుకున్న దగ్గరే ఉండిపోతారు.

అలాగని ‘నాకు మెంటర్‌గా ఉంటారా సార్’ అని అడిగితే జవాబు రాదు. ఆ మాట వెనక ఎన్ని గంటల పని ఉందో అవతలివారికి తెలియదు, అందుకే పక్కకు తప్పుకుంటారు. పూర్తయిన పేజీ ఒకటి ముందు పెట్టి, పది నిమిషాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటి అడిగితే కథ మారుతుంది. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఆ ప్రశ్నను తయారుచేసుకోవడానికే.

1. ముందు ఒక్క పేజీ పూర్తిచేయండి

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. మీ పని చూసేవారికీ ఒక పేజీ చాలు. కానీ అది నిజమైన వ్యాపారానిది కావాలి. బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు చేసే ఇల్లు, పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసే కుటుంబం, మీ వీధిలోని ట్యూషన్ సెంటర్, ఏదైనా సరే. ఊహించుకున్న ‘క్రియేటివ్ ఏజెన్సీ’ పేజీలు పెట్టకండి. వాటిలో అసలు సమస్యలు ఉండవు కాబట్టి మెంటర్‌కు చెప్పడానికీ ఏమీ ఉండదు.

పేజీలో ఐదే విషయాలు ఉంచండి: ఏం అమ్ముతారు, ఎంతకి, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఎక్కడుంది, ఎలా సంప్రదించాలి. ఫోన్ నంబరును టెల్ లింకుగా (నొక్కగానే కాల్ వెళ్లేలా) ఇవ్వండి. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఖాళీలు గానీ ఉండకూడదు. కొత్తవాళ్ల పేజీల్లో పనిచేయని బటన్లకు తరచూ ఇదే కారణం.

కొలతలు ఇలా పెట్టుకోండి. డిజైన్ 360 పిక్సెళ్ల వెడల్పు నుంచి మొదలుపెట్టి పెద్ద తెరకు విస్తరించండి. అక్షరాలు 16 నుంచి 18 పిక్సెళ్లు. ఖాళీలకు 4, 8, 16, 24, 32, 48 అనే వరుస తప్ప వేరే అంకె వాడకండి. బటన్ ఎత్తు కనీసం 48 పిక్సెళ్లు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలి, 24 పిక్సెళ్లు, ఆపైన ఉన్న పెద్ద అక్షరాలకు 3కి 1 చాలు. ఇది వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లోని అంకె. పేజీ మొత్తం బరువు 500 కేబీ దాటకుండా చూడండి. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటే మూడు నాలుగు ఎంబీ ఉంటుంది కాబట్టి బొమ్మల బరువు తగ్గించే స్క్వూష్ సైటులో పెట్టి, 800 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ రూపంలో దాచుకోండి. మామూలుగా వంద కేబీ లోపుకు వచ్చేస్తుంది.

పేజీలను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టి లింకు తీసుకోండి. లింకు లేని పేజీని ఎవరూ చూడరు. జిప్ ఫైలు పంపితే తెరవరు.

2. మూడు లిపుల పని మీద పట్టు సంపాదించండి

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో దుకాణం పేజీ అంటే తరచూ తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కావాల్సిందే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి తెలుగు చెవికి దగ్గర, కంటికి దూరం. కాబట్టి ఏ భాష ముందుండాలో మీరు ఊహించకండి. కొనేవాళ్లు ఏ భాషలో చదువుతారో యజమానిని అడిగి నిర్ణయించండి. హైదరాబాదులోని డిజైనర్లు చాలామందికి ఈ మూడు లిపుల తలనొప్పి ఎదురే కాదు. మీకు రోజూ ఎదురవుతుంది. ఇందులో పట్టున్న మనిషి మెంటర్ కంట్లో వెంటనే పడతాడు, అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతున్నాం.

మొదటి చిక్కు మ్యాటర్ దగ్గరే వస్తుంది. దుకాణదారు ఇచ్చే పాత కరపత్రం డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేసి ఉంటుంది. దాన్ని కాపీ చేసి పేజీలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ వస్తాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతివి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిపెట్టినవి. పాత ఒడియా డీటీపీ ఫైళ్లతోనూ ఇదే గొడవ. కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చండి, మార్చాక ప్రతి వరుసా చదవండి. ముఖ్యంగా ఒత్తులు, అంకెలు, రూపాయి గుర్తు తారుమారవుతాయి. మ్యాటర్ ఒక పేజీయే అయితే మళ్లీ టైపు చేసుకోవడమే తక్కువ పని.

రెండోది ఫాంటు. అనేక్ అనే ఫాంట్ల కుటుంబంలో అనేక్ తెలుగు, అనేక్ ఒడియా, అనేక్ ల్యాటిన్ మూడూ ఉన్నాయి. ఒకే కుటుంబంగా కలిపి రూపొందించినవి కాబట్టి మూడు భాషలూ పక్కపక్కన పెట్టినా ఒకటి లావుగా, ఒకటి బక్కగా కనిపించవు. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా జత కూడా నమ్మదగ్గదే. శీర్షికకు అచ్చతెలుగు రూపం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న ఉన్నాయి. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద గిడుగు అనే ఫాంటు కూడా ఉంది. వాటిని శీర్షికకే ఉంచండి. ఎన్ని ఫాంట్లు, ఎన్ని మందాలు పెడితే అంత బరువు. రెండు మందాలతో పేజీ అంతా నడుస్తుంది.

మూడోది అక్షరం చుట్టూ ఖాళీ. ఇంగ్లీషుకు సరిపోయే 1.4 లైన్-హైట్ (వరుస ఎత్తు) తెలుగుకు చాలదు. పై వరుస ఒత్తు కింద వరుస గుడి మీద పడుతుంది. 1.6 నుంచి 1.8 వరకు ఇవ్వండి. బటన్‌కు గట్టిగా ఎత్తు కట్టి ఓవర్‌ఫ్లో హిడెన్ (గీత దాటినదాన్ని దాచే ఆదేశం) పెడితే ‘సంప్రదించండి’లో క్రారావడి తెగిపోతుంది. ఎత్తుకు బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు), పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) వాడండి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య దూరం) తెలుగుకూ ఒడియాకూ సున్నాయే ఉంచండి, ఇంగ్లీషు మెనూ నుంచి అది వారసత్వంగా వచ్చి అక్షరాల కూర్పును చెడగొడుతుంది. ఇటాలిక్ వాడకండి. తెలుగు ఫాంట్లలో సాధారణంగా ఇటాలిక్ రూపం ఉండదు, అప్పుడు బ్రౌజరే అక్షరాలను బలవంతంగా వంచుతుంది. నొక్కి చెప్పాలంటే మందం పెంచండి.

తెలుగు మాటలు పొడుగు. 360 పిక్సెళ్ల తెర మీద 36 పిక్సెళ్ల శీర్షిక పెడితే ఒక్క మాటే తెర దాటి, పేజీ మొత్తం పక్కకు జారుతుంది. మాటను విరిచే ఓవర్‌ఫ్లో-ర్యాప్ పెడితే జారడం ఆగుతుంది గానీ మాట మధ్యలో విరుగుతుంది, చదివేవాళ్లకు అదీ చికాకే. ఫోన్‌లో తెలుగు శీర్షికను 24, 26 పిక్సెళ్ల దగ్గర ఆపండి, లేదా మాట మార్చండి. ధరల పట్టిక జారిపోతుంటే దాన్ని ఒక డివ్‌లో (హెచ్‌టీఎంఎల్ పెట్టెలో) పెట్టి ఆ డివ్‌కు ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇవ్వండి. పేజీ కదలకుండా పట్టికే కదులుతుంది.

ప్రతి భాష ముక్కకూ అది ఏ భాషో చెప్పే లాంగ్ గుణం రాయండి: తెలుగుకు టీ-ఈ, ఒడియాకు ఓ-ఆర్, ఇంగ్లీషుకు ఈ-ఎన్. రాయకపోతే స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే సాధనం) తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది. భాష మార్చే బటన్ మీద ఆ భాష పేరును ఆ లిపిలోనే ఉంచండి, జెండా బొమ్మలు వద్దు. ధరలు, ఫోన్ నంబర్లు మూడు భాషల్లోనూ మామూలు అంకెల్లోనే ఉంచితే ఎవరికీ తడబాటు ఉండదు.

3. కనిపించే తప్పులు మీరే ఏరేయండి

మెంటర్ సమయాన్ని లైట్‌హౌస్ (క్రోమ్‌లో ఉండే పేజీ పరీక్ష సాధనం) చెప్పగలిగే తప్పుల మీద ఖర్చు చేయకండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి లైట్‌హౌస్‌ను మొబైల్ పద్ధతిలో నడపండి. మూడు అంకెలు చూడండి. పెద్ద బొమ్మ లేదా శీర్షిక కనిపించే సమయం 2.5 సెకన్లలోపు, పేజీ కుదుపు (తెరుచుకుంటూ వరుసలు అటూఇటూ జరగడం) 0.1 లోపు ఉండాలి. నొక్కితే స్పందించే సమయం 200 మిల్లీసెకన్లు దాటకూడదు. ఈ చివరిది నిజమైన వాడకంలోనే కొలవాల్సింది, లైట్‌హౌస్ దానికి దగ్గరి కొలత మాత్రమే చూపిస్తుంది. పేజీ కుదుపు ఎక్కువుంటే సాధారణంగా బొమ్మలకు వెడల్పు, ఎత్తు రాయకపోవడమో, తెలుగు ఫాంటు ఆలస్యంగా దిగి వరుసలు జరగడమో కారణం.

తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతో పేజీ అంతా తిరగండి. ఎక్కడున్నారో కనిపించకపోతే ఫోకస్ గీతను ఎవరో చెరిపేశారని అర్థం, చాలాసార్లు ఆ ఎవరో మీరే. ఆపైన నెట్‌వర్క్‌ను 3జీ వేగానికి తగ్గించి చూడండి. గజపతి, రాయగడ కొండ ఊళ్ల నుంచి తెరిచేవారికి అదే నిజమైన వేగం కావచ్చు.

చివరగా మనుషులు. ముగ్గురికి, వీలైతే ఐదుగురికి ఫోన్ చేతికిచ్చి ‘కిలో ఆవకాయ ఎంతో చూసి, ఆర్డరు పెట్టబోండి’ అని మాత్రం చెప్పండి. తర్వాత నోరు మెదపకండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో రాసుకోండి. ‘బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మర్యాద కొద్దీ.

ఇన్ని చేశాక కూడా మిగిలినదే మీ అసలు ప్రశ్న.

4. ఎక్కడ వెతకాలి

ఒకే మనిషిలో అన్నీ వెతకకండి. కంటికి ఒకరు, కోడ్‌కు ఒకరు, ఖాతాదారులతో మాట్లాడే పద్ధతికి ఒకరు కావచ్చు. మీకంటే రెండు నాలుగేళ్లు ముందున్నవారు మంచి ఎంపిక. మీరు పడుతున్న తిప్పలు వాళ్లకింకా గుర్తుంటాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారికి కొన్ని విషయాలు ఎంత సహజమైపోయాయంటే, అవి కష్టమని తట్టదు.

మీ ఊళ్లోని డీటీపీ, ఫ్లెక్సీ ప్రింటింగ్ సెంటర్‌ను తక్కువగా చూడకండి. శుభలేఖలు కూర్చి కూర్చి వాళ్ల కంటికి అక్షరం, ఖాళీ, వరుస బాగా అలవాటై ఉంటాయి. పేజీని కాగితం మీద ప్రింటు తీసి చూపించి ‘ఏది ముందు కనిపిస్తోంది’ అని అడగండి. కోడ్ వాళ్లకు తెలియకపోవచ్చు, కంటి మెంటర్ మాత్రం దొరికినట్టే.

తర్వాతి చోటు కాలేజీల పూర్వవిద్యార్థులు. బరంపురంలో పరలా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ, పర్లాకిమిడిలో సెంచూరియన్ యూనివర్సిటీ, గుణుపురంలో జీఐఈటీ ఉన్నాయి. లింక్డిన్‌లో కాలేజీ పేరుతో పాటు ఫ్రంట్ఎండ్ (తెర మీద కనిపించే భాగం కోడ్) లేదా యూఐ డిజైనర్ అని వెతికితే విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేస్తున్నవారు కనిపిస్తారు. మీరు ఆ కాలేజీలో చదవకపోయినా ‘మాదీ గుణుపురమే’ అన్న ఒక్క మాటకు తలుపు తెరుచుకుంటుంది. పరాయి చోట ఊరి పేరు వినపడితే మనవాళ్ల మనసు అలాంటిది.

డెవలపర్ల మీటప్‌ల కోసం విశాఖకూ భువనేశ్వర్‌కూ వెళ్లవచ్చు. బరంపురం హౌరా–చెన్నై లైను మీదే ఉంది కాబట్టి రెండు వైపులా రైలు దొరుకుతుంది. రాయగడ నుంచి విజయనగరం మీదుగా విశాఖ చేరవచ్చు. అక్కడ ముప్పై మందితో చేతులు కలపడం కంటే ఇద్దరికి మీ పేజీని ఫోన్‌లో చూపించి రావడం మేలు.

ఇల్లు కదలకుండా వెతకాలంటే మెంటర్లను కలిపే ఏడీపీ లిస్ట్ సైటులో డిజైనర్లు ఉచితంగా సమయం ఇస్తారు. మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషులో, కాబట్టి ప్రశ్న ముందే రాసుకోండి. ఇంకో మంచి దారి తెలుగు వికీపీడియా, ఒడియా వికీపీడియా. తెలుగుది 2003 డిసెంబరులో, ఒడియాది 2002లో మొదలయ్యాయి. మూసలు (టెంప్లేట్లు) సరిచేయడం, ఫోన్‌లో విరిగే పట్టికలు బాగుచేయడం లాంటి పనులుంటాయి. రెండు లిపులూ తెలిసినవారికి అక్కడ విలువ ఉంటుంది, మీ మార్పును చూసి తప్పు చెప్పేవారూ అక్కడే ఉంటారు.

5. మొదటి సందేశం

ఒక్కొక్కరికి విడివిడిగా రాయండి. ఒకే సందేశాన్ని పదిమందికి పంపితే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. ఈ కొలతలో ఉండాలి:

‘నమస్కారం మేడం. మాది పర్లాకిమిడి. కొమ్ము బొమ్మల దుకాణానికి తెలుగు, ఒడియాల్లో ఒక పేజీ చేశాను, లింకు ఇది. మీరు చేసిన ఆసుపత్రి సైటులో రెండు భాషల మెనూ ఫోన్‌లో ఒకే వరుసలో ఇమిడింది. నాది రెండు వరుసలవుతోంది. అక్షరం తగ్గించి చూశాను, చదవడం కష్టమైంది. మెనూ మాటలు తగ్గించాలా, మెనూను కిందకి మార్చాలా? వీలున్నప్పుడు రెండు మాటలు రాసినా చాలు.’

ఇందులో ఊరుంది, లింకుంది, అవతలివారి పనిని నిజంగా చూసిన గుర్తుంది, మీరు చేసిన ప్రయత్నముంది, తప్పించుకునే వీలూ ఉంది. సందేశాన్ని చెడగొట్టేవి: ఉత్త ‘హాయ్ సార్’ పంపి ఎదురుచూడటం, మూడు నిమిషాల వాయిస్ మెసేజ్, చెప్పకుండా ఫోన్ చేయడం, మొదటి రోజే ఉద్యోగం అడగడం. వారం పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు లేకపోతే వదిలేసి ఇంకొకరికి రాయండి.

జవాబొస్తే రెండు మూడు రోజుల్లో పేజీ మార్చి, పాతదీ కొత్తదీ తెరచిత్రాలు (స్క్రీన్‌షాట్లు) పక్కపక్కన పెట్టి పంపండి. చాలా పరిచయాలు ‘థాంక్యూ సార్’ దగ్గరే ఆగిపోతాయి. చెప్పిన మాట పనిలో కనిపించినప్పుడే రెండో సలహా వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగాక ‘రెండు వారాలకోసారి అరగంట ఇవ్వగలరా, మూడు నెలలపాటు’ అని గడువుతో అడగండి. గడువు లేని మాటకు ఒప్పుకోవడం ఎవరికైనా బరువే.

6. ఆ అరగంటను వాడుకునే తీరు

ముందురోజే ఐదారు వరుసలు పంపండి: పోయినసారి నుంచి ఏం చేశాను, ఎక్కడ ఆగాను, నా ఆలోచన ఏమిటి. మాట్లాడేటప్పుడు మీ పేజీని సమర్థించుకోకండి, ‘ఎందుకలా అనిపించింది’ అని మాత్రం అడగండి. సలహా నచ్చక పాటించకపోతే దాచకుండా కారణం చెప్పండి. కోడ్ రాసిపెట్టమని అడగకండి, తప్పు ఏ వైపుందో చూపించమనండి.

జాగ్రత్తలూ ఉన్నాయి. రుసుము అడగడం తప్పేమీ కాదు, కానీ విడతకింత అని ఇవ్వండి, ఏడాదికి సరిపడా ముందే కట్టకండి. ‘ట్రైనింగ్’ పేరుతో తన ఖాతాదారుల పేజీలు వరసగా ఉచితంగా చేయించుకునే వ్యక్తి మెంటర్ కాదు. మీ ఈమెయిల్, హోస్టింగ్ పాస్‌వర్డ్‌లు ఎవరికీ ఇవ్వకండి. కొత్తవారితో మొదటి కలయిక పగటిపూట వీడియో కాల్‌లోనో నలుగురూ ఉండే చోటో పెట్టుకోండి. ఇది అమ్మాయిలకే కాదు, అందరికీ.

7. మధ్యలో సాధన

వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, కానీ ప్రతి వారం ఉండాలి. అందులో ఒక 90 నిమిషాలు నకలు పనికి ఇవ్వండి: మంచి పేజీ ఒకటి ఎంచుకుని, కోడ్ చూడకుండా తెరచిత్రం నుంచే కట్టండి. తర్వాత ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో మీదీ అసలుదీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని సగం పారదర్శకం చేయండి. అక్షరం ఎక్కడ రెండు పిక్సెళ్లు తప్పిందో, ఖాళీ ఎక్కడ ఎక్కువైందో కనిపిస్తుంది. కంటికి ఇంతకంటే మంచి కసరత్తు మాకు తెలియదు.

మొదటి నాలుగు వారాలు అక్షరం, ఖాళీ మాత్రమే. తర్వాతి నాలుగు వారాలు ఫ్లెక్స్, గ్రిడ్ అనే అమరిక పద్ధతులు. చివరి నాలుగు వారాలు ఫారాలు: ప్రతి గడికీ లేబుల్, ఫోన్ నంబరుకు అంకెల కీబోర్డు, గడిలో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గకుండా. తగ్గితే ఐఫోన్‌లో గడి తాకగానే పేజీ జూమ్ అవుతుంది.

కరెంటు, సిగ్నల్ పోయే చోట్ల ఉంటే కోడ్ వివరాల సైటు డెవ్‌డాక్స్‌ను ఆఫ్‌లైన్‌కు దించుకోండి, పని ఆపిన ప్రతిసారీ గిట్‌లో కమిట్ చేయండి (మార్పులను భద్రపరచండి). ల్యాప్‌టాప్ లేనివారు ఆండ్రాయిడ్‌లో ఏకోడ్ వంటి ఎడిటర్‌తో మొదలుపెట్టవచ్చు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌కు అది సరిపోతుంది, ఫిగ్మా పనికి మాత్రం పెద్ద తెర కావాలి.

పన్నెండో వారం చివర మొదటి పేజీని మళ్లీ మొదటినుంచి కట్టండి, పాత లింకును చెరపకండి. రెండు లింకులూ మెంటర్‌కు పంపి ఒక్కటే అడగండి: ‘కొత్తదానిలో ఇంకా మారనిది ఏది?’ దానికొచ్చిన జవాబే తర్వాతి మూడు నెలల పని.